స్నోమ్యాన్‌ను చూడని పిల్లాడికి చలికాలం అక్షరాలు

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇదీ. బాబుకు నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. ఈ నెల ‘వింటర్ థీమ్’ అని స్నోమ్యాన్, ఇగ్లూ, పెంగ్విన్ బొమ్మలున్న వర్క్‌షీట్ల కట్ట ఒకటి స్కూల్ నుంచి ఇంటికి పంపారు. వాడు రెండు పేజీలు గీసి పక్కన పడేశాడు. తెలుగు అక్షరాలు దిద్దమంటే ఏడుపు. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, స్కూల్ నుంచి వచ్చాక వాడు నానమ్మ దగ్గరే ఉంటాడు. సంక్రాంతి వరకు ఇంట్లో చేయించగలిగిన చలికాలపు పనులు కావాలి, ప్రింటవుట్లు వద్దు అన్నారు.

చాలాకాలంగా ప్రీప్రైమరీ పిల్లలతో, వాళ్ల టీచర్లతో పనిచేస్తున్నదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. టెన్షన్ పడాల్సిందయితే ఇందులో ఏమీ లేదు.

వర్క్‌షీట్లో తప్పేమీ లేదు, వరసే తలకిందులైంది. ఈ వయసు పిల్లాడికి ముందు ఒంటికి తెలిసిన సంగతి ఒకటి ఉండాలి. దాని గురించి వాడు మాట్లాడాలి. ఆ మాటల్లోని శబ్దాలు చెవికి పట్టాలి. కాగితం మీది గుర్తు ఆ తర్వాతే. స్నోమ్యాన్ దగ్గర మొదటి మెట్టే లేదు. మన హైదరాబాద్‌లో చలంటే డిసెంబర్, జనవరి పొద్దుటిపూట 14, 15 డిగ్రీలు, బాగా చలి పెట్టిన రోజుల్లో శివార్లలో 10కి కిందికీ పోతుంది. వాడికి తెలిసిన చలి ఏమిటో చూడండి. స్కూల్ బస్సు కోసం నిలబడ్డప్పుడు చెవుల దగ్గర గుచ్చుకునే మంకీ టోపీ, సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనె, గేటు దగ్గర వాచ్‌మెన్ వేసుకున్న చలిమంట, తోపుడుబండి మీద రేగుపళ్లు, జామకాయలు. మనకు కావాల్సిన సరుకంతా ఇదే, కొనాల్సింది ఏమీ లేదు.

చెవితో మొదలుపెట్టండి. కాగితం, పెన్సిల్ ఏవీ వద్దు. రాత్రి రగ్గు కప్పుకున్నాక ఐదు నిమిషాలు చాలు. మీరు ‘మంట’ అనండి, నానమ్మ ‘పంట’ అంటారు, మళ్లీ మీరు ‘వంట’, ఆమె ‘గంట’. వాడి వంతు వచ్చినప్పుడు ‘సంట’ అన్నా ఒప్పుకోండి. అర్థం లేకపోయినా ప్రాస పట్టుకున్నాడు, మనకు కావాల్సింది అదే. ఇంకోరోజు ‘ముగ్గు, రగ్గు, సిగ్గు, మగ్గు’. మరో రోజు ‘చలి, పులి, గిలి’. చలికీ పులికీ మొదటి అక్షరమే మారిందని మీరు పాఠం చెప్పక్కర్లేదు, పదిసార్లు అంటే వాడికే తడుతుంది.

తర్వాత చప్పట్లు. చ-లి రెండు, దు-ప్ప-టి మూడు, స-కి-నా-లు నాలుగు, గం-గి-రె-ద్దు నాలుగు. తెలుగు పిల్లలకు ఇక్కడ మంచి సౌకర్యం ఉంది. చాలా మాటల్లో ఎన్ని చప్పట్లో కాగితం మీద అన్నే అక్షరాలు, అందుకే తర్వాత రాత దగ్గరికి వచ్చినప్పుడు ఈ ఆట నేరుగా పనికొస్తుంది. ‘స్వెటర్’ లాంటి వాటి దగ్గర లెక్క తప్పుతుంది, చప్పట్లు రెండే అయినా చివర పొల్లుతో కలిపి మూడు కనిపిస్తాయి. అలాంటివి ఇప్పుడు పక్కన పెట్టండి.

ఇది అలవాటయ్యాక తీసేసే ఆట. ‘చలిమంట’లో ‘చలి’ తీసేస్తే ఏం మిగిలింది? ‘గాలిపటం’లో ‘గాలి’ ఎగిరిపోతే? ‘రేగుపళ్లు’లో ‘రేగు’ తినేస్తే? ఇలాంటి జంట మాటలు మన దగ్గర బోలెడు. మొదట్లో తెల్లమొహం వేస్తాడు. రెండు చేతుల పిడికిళ్లు చూపించి, ఒకటి ‘చలి’, ఒకటి ‘మంట’ అని, ఒక పిడికిలి వెనక్కి దాచి అడగండి, వెంటనే చెప్తాడు. ఈ పని రేపు అక్షరాలు కూడబలుక్కుని చదవడానికి పునాది. వర్ణమాల అప్పజెప్పడం కంటే దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మీ అత్తగారు ‘నేను పెద్దగా చదువుకోలేదు, నేనేం నేర్పుతా’ అంటున్నారని రాశారు. ఇప్పటిదాకా చెప్పినదాంట్లో చదువు అవసరమైంది ఏదైనా ఉందా? పొడుపు కథలు, సామెతలు, ఊళ్లో పొద్దున్నే వచ్చే హరిదాసు సంగతులు ఆమె దగ్గర ఉన్నన్ని మీ దగ్గరా నా దగ్గరా ఉండవు. వాడితో మాట్లాడుతూ ఉండటమే ఆమె పని. పొడుపు కథలు గుర్తుకు రాకపోతే కొత్తవి కట్టొచ్చు. ‘పొద్దున తెల్లగా పడుకుంటా, ఎండలో పెడితే జారిపోతా, నీ తలకెక్కి కూర్చుంటా, నేనెవర్ని?’ నూనె సీసా పక్కనే ఉంటే చాలు, చెప్పేస్తాడు.

ఆ సీసా దగ్గరే ఇంకాసేపు ఆగుదాం, చలికాలంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అందుకే డిసెంబర్‌లో ఈ ప్రయోగం హైదరాబాద్‌లో ప్రతి ఇంట్లోనూ ఉచితం. పొద్దున సీసా వాడి చేతికిచ్చి ఏమైందని అడగండి. అడిగాక ఊరుకోండి. మనం పెద్దవాళ్లం అక్కడే ఆగలేక, సమాధానం కూడా మనమే చెప్పేస్తాం. వాడు వంచి చూస్తాడు, నొక్కుతాడు, ఏదో ఒకటి అంటాడు. ఎండలో పెడితే ఏమవుతుందో ముందే చెప్పించుకుని బాల్కనీలో పెట్టండి. కరిగాక పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, వాడు చెప్పిందే పెద్ద అక్షరాలతో వాడి ముందే రాయండి. రాస్తూ ఒక్కో మాటా పైకి అనండి, మాటకూ మాటకూ మధ్య బాగా ఎడం వదలండి. తర్వాత వేలు కింద కదుపుతూ చదివి వినిపించండి.

మా క్లాసులో ఒక పాప గడ్డకట్టిన సీసా చూసి ‘నూనె పండుకున్నది’ అంది. అలాగే రాశాను. కరిగాక ‘ఎండకు లేచింది’ అంది. అదీ రాశాను. మొత్తం రెండు వాక్యాలు. ఆ కాగితం గోడకు అంటిస్తే వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించేది. మొదట్లో వేలు ఒక మాట మీద, నోరు ఇంకో మాట మీద ఉండేవి, ‘పండుకున్నది’ చెప్పేసరికి వేలు వాక్యం చివరికి జారిపోయేది. మెల్లగా అవి కలిశాయి. ఒకరోజు ‘ప’ దగ్గర ఆగి, ఇది నా పేరులోది అని చూపించింది. ఆ అక్షరం ఆమెకు ఎవరూ దిద్దించలేదు.

ఇక్కడో మాట. వాడు ‘పెట్టినం’, ‘చూసిన’ అంటే ‘పెట్టాము’, ‘చూశాను’ అని దిద్ది రాయకండి. నోటితో అన్నదే కాగితం మీద కనిపించాలి, లేకపోతే రాత అంటే ఎవరిదో వేరే భాష అనుకుంటాడు. పుస్తకాల భాషకు ముందు ముందు చాలా టైమ్ ఉంది.

ఏ అక్షరాలు ముందు అని అడిగారు. ‘అ’ నుంచే మొదలుపెట్టాలన్న రూలేమీ లేదు. వాడి పేరులోని అక్షరాలు మొదట, తర్వాత ఈ కాలంలో వాడి నోట ఎక్కువగా వచ్చే మాటల్లోవి: చ, మ, ట, ర, గ. ఒకేలా కనిపించేవి ఒకే వారంలో వద్దు. ప-వ, ద-డ, బ-భ, న-స లాంటి జంటల్లో ఒకటి గట్టిపడ్డాకే రెండోది. వర్ణమాలలో 56 అక్షరాలని లెక్క చెప్పుకుంటాం కానీ గుణింతాలు, వత్తులు కలిస్తే వాడు పోల్చుకోవాల్సిన రూపాలు వందల్లోకి పోతాయి. ఇంగ్లీషు 26 అక్షరాలు నర్సరీలోనే వచ్చేశాయి, తెలుగు ఎందుకు రావట్లేదు అని పోల్చడం వాడికి అన్యాయం. ఎల్‌కేజీ అయ్యేసరికి పది, పదిహేను అక్షరాలు ఎక్కడ కనిపించినా గుర్తుపడితే నాకు చాలు. మన తెలంగాణలో 2018 చట్టంతో అన్ని స్కూళ్లలోనూ ఒకటో తరగతి నుంచి తెలుగు తప్పనిసరి అయింది, అందుకే తల్లిదండ్రులకు ఈ తొందర. ఒకటో తరగతికి వాడికి ఇంకా టైమ్ ఉందిగా.

ఇక చేతి సంగతి. దిద్దమంటే ఏడుస్తున్నాడంటే చాలాసార్లు అది మొండితనం కాదు, వేళ్లలో ఇంకా బలం చాలకపోవడం. దానికి ధనుర్మాసం కంటే మంచి కాలం లేదు. డిసెంబర్ నడిమి నుంచి సంక్రాంతి వరకు రోజూ ముగ్గు ఉంటుంది కదా, అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు జానెడు చోటు వాడికి వదిలేయండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పిండి పట్టి సన్నగా వదలడం, పెన్సిల్ పట్టుకోవడం, రెండూ ఆ వేళ్ల పనే. మొదట చుక్కలు మాత్రమే. తర్వాత చుక్క చుట్టూ సున్న. ఆ తర్వాత రెండు చుక్కల చుట్టూ మెలిక. తెలుగు అక్షరాల్లో వంపులే ఎక్కువ, కాబట్టి ఆ మెలిక తిప్పడం వస్తే సగం రాత వచ్చినట్టే. బజారులో దొరికే ముగ్గుపిండి రాతిపొడి, కొన్నిసార్లు సున్నం కలుస్తుంది, కళ్లలో పడితే మంట. పిల్లలకు బియ్యప్పిండే ఇవ్వండి.

ఇంట్లోకైతే స్టీలు పళ్లెంలో బొంబాయి రవ్వ పలచగా పోసి వేలితో రాయించండి. ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడ కుంకుమ బొట్టు పెడితే, చెయ్యి పట్టి తిప్పాల్సిన పని ఉండదు. పళ్లెం కుదిపితే తప్పు మాయం, అందుకే దీని దగ్గర పిల్లలు ఏడవరు. వేడినీళ్ల స్నానం అయ్యాక బాత్రూమ్ అద్దానికి పట్టిన ఆవిరి కూడా ఇంతే. మన చలికి కిటికీ అద్దాలకు ఆవిరి పట్టడం అరుదు కానీ బాత్రూమ్ అద్దం రోజూ సిద్ధంగా ఉంటుంది.

సంక్రాంతికి నానమ్మ సకినాలు చేస్తారు కదా, అప్పుడు వాడికి పిడికెడు పిండి ఇప్పించండి. ఆమె బట్ట మీద చుట్లు చుడుతుంటే వాడు పక్కన పళ్లెంలో సన్నగా తాడులా చేసి తన చుట్టు చుడతాడు. అది సున్న. దాని నెత్తిన చిన్న తలకట్టు పెడితే ‘ర’. ‘ర’ మధ్యలో ఒక్క నువ్వుగింజ అద్దితే ‘ఠ’. ఈ నువ్వుగింజ చూస్తే పిల్లలకు ఎంత సరదానో! ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ అంత చిన్న తేడా ఉంటుందని దీని దగ్గర తెలిసినట్టు నల్లబల్ల మీద తెలియదు. మూకుడు పెట్టే వేళకు మాత్రం వాణ్ని వంటింట్లోంచి పంపేయండి.

పతంగుల సీజన్ జనవరి మొదటి నుంచే మొదలవుతుంది, ధూల్‌పేట వైపు వెళ్తే కాగితం పతంగులు గుట్టలుగా ఉంటాయి. నాలుగున్నరేళ్లవాడు ఎగరేయలేడు, తోక కట్టగలడు. చిన్న కాగితం ముక్కల మీద ‘ప’, ‘తం’, ‘గి’ విడివిడిగా రాసి వరసగా దారానికి గుచ్చమనండి. వరస తప్పితే ‘గితంప’ అని పైకి చదివి వినిపించండి, నవ్వి వాడే సర్దుకుంటాడు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది, ఇంకా దొంగచాటుగా దొరుకుతూనే ఉంది. ఇంట్లోకి రానివ్వకండి, మామూలు నూలు దారం చాలు.

భోగి నాడు వాడికి భోగిపళ్లు పోస్తారు కదా. పిలవాల్సిన వాళ్ల లిస్టు వాడితోనే వేయించండి. ‘ఎవరెవర్ని పిలుద్దాం?’ అంటే పిన్ని, తాత, పక్క ఫ్లాట్ అక్క అంటాడు. మీరు రాయండి, ఒక్కో పేరు పక్కన వాడు గీత గీయాలి. తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో చీటీ. వాడి చీటీలో పిచ్చిగీతలే ఉండొచ్చు, మధ్యలో పేరులోని ఒక అక్షరం తిరగబడి ఉండొచ్చు. ‘ఏం రాశావు, చదువు’ అంటే ‘మా ఇంటికి రండి’ అని చదువుతాడు. రాసింది ఎవరో ఒకరు చదువుకోవడానికే అన్న సంగతి వాడికి తెలిసిపోయింది. ఈ వయసులో రాత అంటే ఇదే, ఆ గీతల్ని ఎర్రపెన్నుతో దిద్దే పెద్దలంటే నాకు ఒళ్లు మండుతుంది. అందరూ వచ్చాక ఆ చీటీల్ని వాళ్లు అడిగి మరీ చదివించుకోవాలి, ముందే చెప్పి ఉంచండి. ఇంట్లో పసిపిల్లలుంటే రేగుపళ్ల గింజలు, చిల్లర వాళ్ల నోటికి అందకుండా వెంటనే ఊడ్చేయండి.

పేపర్ తెప్పించుకుంటే చలికాలంలో ‘చలి పంజా’, ‘వణికిస్తున్న చలి’ లాంటి హెడ్డింగులు తరచూ కనిపిస్తాయి. పెద్ద అక్షరాల్లో ‘చ’ ఎక్కడుందో వెతికి పెన్నుతో సున్న చుట్టమనండి. పక్కనే ఊళ్లవారీగా డిగ్రీల పట్టిక ఉంటే ఆదిలాబాద్ అంకె, హైదరాబాద్ అంకె చదివించి, ఎక్కడ ఎక్కువ చలో అడగండి. రెండు నిమిషాల పని, తాతలకు బాగా నచ్చుతుంది.

బయటికి తీసుకెళ్లాలంటే డిసెంబర్ రెండో సగంలో సాధారణంగా బుక్ ఫెయిర్ ఉంటుంది. బొమ్మ పెద్దగా, పేజీకి ఒకటి రెండు వాక్యాలున్న తెలుగు పుస్తకాలే తీసుకోండి. ‘మంచి పుస్తకం’ వాళ్లవి, ప్రథమ్ బుక్స్ వాళ్లవి చూడండి. ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్ సైట్లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు. జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్, ఎలాగూ ఉంది. అది 1938 నుంచి జరుగుతోంది, నానమ్మకూ అక్కడి ముచ్చట్లు ఉండే ఉంటాయి. స్టాళ్ల బోర్డుల మీద వాడికి వచ్చిన అక్షరాలు వెతకడం ఒక ఆట. రద్దీలో మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ వాడి జేబులో పెట్టడం మర్చిపోకండి, అదీ రాత ఉపయోగమే.

అక్కడ కాశ్మీర్ శాలువాల స్టాల్ కనిపిస్తే స్నోమ్యాన్‌కు దారి దొరికినట్టే. ఇంత మందం శాలువా వాళ్లకెందుకు, అక్కడ ఎంత చలి అని మాట్లాడుకుంటూ ఇంటికి రండి. ఇంటికొచ్చాక ఫ్రీజర్ గోడకు పేరుకున్న తెల్లటి మంచు గరిటెతో గీకి పళ్లెంలో వేసి ఇవ్వండి, లేదా ఐస్ ముక్కలు మిక్సీలో తిప్పండి. చేత్తో నొక్కి ముద్ద చేస్తాడు, చెయ్యి జివ్వుమంటుంది, చూస్తుండగానే కరిగిపోతుంది. స్నోమ్యాన్ ఎందుకు ఎండకు ఉండడో ఇప్పుడు వాడే చెప్తాడు. అప్పుడు తీయండి ఆ వర్క్‌షీట్. పత్తి ఉండలు అంటించే పేజీ ఉంటే దానికి పెద్ద విలువ ఇవ్వకండి. అది చేతిపని, అందులోనూ ముప్పాతిక మీరే చేస్తారు.

ఇంగ్లీషు శబ్దాలకూ తెలుగు మాటలే వాడుకోవచ్చు. ఎస్ పేజీకి స్నోమ్యాన్ ఒక్కడే ఎందుకు? సాక్స్, స్వెటర్, సకినాలు, సీతాఫలం, అన్నీ ‘స్’ అనే మొదలవుతాయి. ఎమ్ పేజీకి మఫ్లర్, మంకీ టోపీ, మంట, ముగ్గు. నోట్లో మొదట పుట్టే శబ్దం ఒకటేనని తెలిస్తే ఏ భాష అక్షరమైనా ఆ శబ్దానికి గుర్తే అని అర్థమవుతుంది. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, కింద ఆడుకునేటప్పుడు హిందీ అని మీరు కంగారుపడుతున్నారు. మన ఊళ్లో పిల్లలు ఎప్పటినుంచో ఇలాగే పెరుగుతున్నారు.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఈ కాలంలో జలుబులు ఎక్కువ. జలుబు తగ్గాక కూడా కొంతమంది పిల్లలకు చెవి లోపల నీరు నిలిచి కొన్ని వారాలు సరిగ్గా వినపడదు. నొప్పి ఉండకపోవచ్చు, అందుకే మనకు తెలియదు. పిలిస్తే పలకకపోవడం, ‘ఆఁ?’ అని మళ్లీ మళ్లీ అడగడం, టీవీ సౌండ్ పెంచమనడం, ప్రాసల ఆటలో ఇదివరకు బాగా చెప్పినవాడు ఉన్నట్టుండి తడబడటం చూస్తే ఈఎన్‌టీ డాక్టర్‌కు ఒకసారి చూపించండి. వినపడని పిల్లాణ్ని అశ్రద్ధ అని తిట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను.

చివరికి ఆ కట్ట సంగతి. ఖాళీగా తిరిగి పంపితే స్కూల్లో ఏమంటారో అని రాశారు. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటే ప్రధానం అంటుంది, 6 ఏళ్ల లోపు వాళ్లకు పాఠ్యపుస్తకాలే వద్దంటుంది. దీని గురించి టీచర్‌తో వాదనకు దిగక్కర్లేదు, క్లాసులో ఆమె తిప్పలు ఆమెకుంటాయి. నూనె సీసా కాగితం, పతంగి తోక, ముగ్గు ఫోటో ఒకటి ఆ కట్టలో పెట్టి, ‘సెలవుల్లో ఇవి చేశాం’ అని ఒక లైను రాసి ఇవ్వండి. చాలామంది టీచర్లు సంతోషంగా గోడకు అంటిస్తారు. మిగిలిన పేజీల్లో వాడికి నచ్చినవి రెండో మూడో వాడే ఎంచుకుని చేస్తే చాలు. ముందే గీసి పడేసిన రెండు పేజీలున్నాయే, వాటిని మీరు చెరిపి మళ్లీ నీట్‌గా చేయించకండి, అలాగే పంపించేయండి.